చలికాలం వచ్చిందంటే నా వ్యాయామం అటకెక్కుతోంది. పాలమూరు వైపు సైకిల్, పడవ లాంటివి శీతాకాలమంతా మానకుండా చేసేవాళ్లు ఉన్నారా? ఎలా చేస్తున్నారు?

ఉన్నాం. నేనొకదాన్ని.

మాది కొల్లాపూర్. వయసు 47. పక్క ఊళ్లో సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. వారమంతా బడికి సైకిల్ మీదే పోతాను, పోను ఆరు కిలోమీటర్లు, రాను ఆరు. ఆదివారం మాత్రం సోమశిల రేవుకు పోయి కృష్ణలో పుట్టికి, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవకు, తెడ్డు వేస్తాను. సైకిల్‌కు ఇది నాలుగో చలికాలం, పుట్టికి మూడోది.

అసలు మన చలి చలే కాదు. మా అక్క కొడుకు అమెరికాలో మిషిగన్‌లో ఉంటాడు. అక్కడ చెరువులు గడ్డకడితే వాటి మీద మనుషులు నడుస్తారు. వాడు సైకిల్ వెనక చక్రాన్ని ఇంట్లోనే ఒక స్టాండుకు బిగించి, గోడను చూస్తూ తొక్కుతాడు. పడవ పిచ్చి ఉన్నవాళ్లు ఒంటికి చుక్క నీరు తగలని సూటు తొడుక్కుని గానీ నీళ్లలోకి దిగరట. మనకేమో తెల్లారగట్ల 12, 13 డిగ్రీలుంటే పేపర్లో 'గజగజ వణుకుతున్న పాలమూరు' అని రాస్తారు, పదింటికల్లా చొక్కా తడిసిపోతుంది. మన దగ్గర కష్టమంతా దుప్పటి తీసే ఆ పది నిమిషాలదే. దానికి నా దగ్గర మందు లేదు. అవతల ఎవరో ఒకరు మనకోసం చూస్తుంటే లేస్తాం, లేకపోతే లేవం. 'రేపట్నుంచి వాకింగ్' అని నేను మూడుసార్లు బూట్లు కొన్నాను. మూడు జతలూ మా అమ్మాయే తొడుక్కుని చింపింది.

సైకిల్ మొదలుపెట్టింది కూడా ఆరోగ్యం కోసం కాదు, స్కూటీ రిపేరుకు ఇస్తే మెకానిక్ పదిహేను రోజులు తిప్పుకున్నాడు. ఆ పదిహేను రోజులూ దారి పొడుగునా ఒకటే ప్రశ్న: "ఏంది టీచరమ్మా, బండి ఖరాబైందా?" స్కూటీ వచ్చాక కూడా సైకిల్ మీదే పోతుంటే ప్రశ్న మారింది: "ఇంకా కాలేదా?" ఇప్పటికీ అడుగుతారు. మగవాడు సైకిల్ తొక్కితే ఫిట్‌నెస్, ఆడమనిషి తొక్కితే బండి ఖరాబు. సరే, అది వేరే గోల.

పుట్టి సంగతి చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు నా అసలు జవాబు అందులోనే ఉంది.

ధనుర్మాసం మొదలైన కొత్త. అప్పటిదాకా ఆదివారాలు సోమశిల దాకా తొక్కి, మెట్ల మీద కూచుని, టీ తాగి వెనక్కొచ్చేదాన్ని. రేవులో చేపలు పట్టే ఒక జంట ఎప్పుడూ కనపడేది. ఆమెను అక్కా అని పిలుస్తాను. ఆ రోజు ఆమె ఒక్కతే ఉంది.

"మా ఆయనకు జరం. రాత్రి వలలు ఏసినం, తియ్యకపోతే చేప కరాబైతది. నువ్వు ఊకెనే కూసుంటవు గదా టీచరమ్మా, రా. నేను వల గుంజుతుంటే తెడ్డు పట్టుకుందువు" అంది.

"నాకు రాదక్కా" అన్నాను.

"మాకు కడుపులకెల్లే వచ్చిందా?" అంది.

ఎక్కేటప్పుడు అంచు మీద కాలు పెట్టాను. అది తప్పట. పుట్టి ఒరిగి, మోకాళ్ల దాకా నీళ్లలో దిగబడ్డాను. విచిత్రంగా గాలి కంటే నీళ్లే వెచ్చగా ఉన్నాయి. నది మీద ఎసరు కాగినట్టు ఆవిరి లేస్తోంది. పుట్టి లోపల వెదురు బద్దల అల్లిక, బయట ప్లాస్టిక్ పట్టా, దాని మీద తారు పూత. తారు వాసన, చేపల వాసన కలిసి ముక్కు పుటాలు అదిరాయి. వల దాకా అక్కే తెడ్డు వేసుకుంటూ తీసుకుపోయింది. అక్కడ తెడ్డు నా చేతికిచ్చి, తను వల అందుకుంది.

నేను కుడిపక్క తెడ్డు వేశాను. పుట్టి ఎడమకు గిర్రున తిరిగింది. ఎడమపక్క వేశాను. కుడికి గిర్రున తిరిగింది. వృత్తానికి ముందూ వెనకా ఉండవని ఎనిమిదో తరగతి పిల్లలకు ఇరవై ఏళ్లుగా చెప్తున్నదాన్ని, దాంట్లో కూచుంటే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. వల దారాలు అక్క చేతులకు చుట్టుకుంటున్నాయి, ఆమె తిట్టలేక నవ్వుతోంది.

"పక్కలకు ఎయ్యకు. ముందల ఎయ్యి. నీళ్లను నీ దిక్కు గుంజుకో. జెర ఇటు, జెర అటు."

మోకాళ్ల మీద కూచోవాలి. తెడ్డును రొమ్ముకు ఎదురుగా నిలువుగా దించి, 8 అంకె రాసినట్టు ఇటూ అటూ తిప్పుతూ నీటిని మన వైపు లాక్కోవాలి. పైచెయ్యి ఊరికే పట్టుకుని ఉంటుంది, పనంతా కింది చేతిది, నడుముది. పావుగంటకు తిరగడం కాస్త తగ్గింది. అప్పటికి లోపలి బనీను చెమటతో ముద్దయింది.

అదే సమయంలో మంచు కమ్మింది. అవతలి నల్లమల కొండలు పోయాయి, ఒడ్డు పోయింది, ఆఖరికి మేం తీస్తున్న వల చివర కూడా పోయింది.

"అక్కా, ఊరు ఏ దిక్కు?"

"మైకు ఇను" అంది.

గుడి మైకులో పాట వస్తోంది. ఏ చెవికి ఎక్కువ వినిపిస్తే ఆ వైపు తిప్పుకోవాలి, అంతే. నేను శ్రద్ధగా ఎడమ చెవి, కుడి చెవి చూసుకుంటూ తెడ్డు వేస్తుండగా పాట టక్కున ఆగింది. కరెంటు పోయింది! నాకు టెన్షన్ మొదలై తెడ్డు గబగబా వేయబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఎటో తెల్వనప్పుడు ఎయ్యొద్దు. కూసో."

కూచున్నాం. ఆ కూచున్నప్పుడు పట్టింది చలి. అంతసేపూ లేని చలి, కదలడం ఆపి ఐదు నిమిషాలు కాకముందే తడిసిన బనీనులోంచి వీపు మీదకు పాకింది. పళ్లు టకటకలాడాయి. అక్క చేపల కోసం తెచ్చిన గోనెసంచి, ఇంకా వాడనిది, నా భుజాల మీద కప్పింది. ఎంతసేపున్నామో తెలియదు. ఉన్నట్టుండి మంచులోంచి ఆర్టీసీ బస్సు హారన్ వినపడింది. జన్మలో ఏ బస్సు హారన్‌కూ అంత సంతోషపడలేదు.

వలలో ఆ రోజు పడ్డవి నాలుగైదు జిలేబీ చేపలు, రెండు జెల్లలు, ఒక రవ్వు. నాకు రెండు జిలేబీలు కవర్లో కట్టిచ్చింది. హ్యాండిల్‌కు తగిలించుకుని వస్తే, దారిలో ఉన్న కుక్కలన్నీ ఊరి వైపు ఎక్కుడులో నన్ను తరిమాయి. నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ తొక్కలేదు.

మర్నాడు బడిలో బోర్డు పైభాగానికి సుద్దముక్క ఎత్తలేకపోయాను. లెక్కంతా బోర్డు కింది సగంలోనే చేశాను. వెనక బెంచీ వాళ్లు కనపడట్లేదని గోల. అప్పుడు అర్థమైంది, ఏడాదికి పైగా సైకిల్ తొక్కినా నడుము పైన ఉన్న ఒళ్లంతా నిద్రపోతూనే ఉందని. సైకిల్ మీద ముందుకు వంగి కూచుంటాం, పేపర్లు దిద్దేటప్పుడూ వంగే కూచుంటాం, ఫోన్ చూసేటప్పుడూ అంతే. తెడ్డు ఒక్కటే భుజాలను వెనక్కి గుంజుతుంది. రెండు నెలలు మాత్రలు మింగినా పోని నా మెడనొప్పి ఆ చలికాలం అయ్యేసరికి లేదు. డాక్టరుకు చెప్తే 'కాకతాళీయం కావచ్చు' అన్నాడు. నేనైతే తెడ్డే అంటాను. ఉత్త సైకిలే తొక్కేవాళ్లు సగం మనుషులని నా ఖచ్చితమైన అభిప్రాయం, ఎవరేమనుకున్నా సరే.

పైగా ఆ మరుసటి ఆదివారం ఒళ్లు నొప్పులని మానేశాను. తర్వాతి వారం పోతే అక్క మొదటి మాట, "పోయిన ఆదివారం రాకపోతివి?" ఆ ఒక్క మాటకు భయపడి రెండేళ్లుగా లేస్తున్నాను. జిమ్‌కు ఏడాది ఫీజు ముందే కట్టినా నన్నెవరూ అలా అడగలేదు.

ఇక బట్టల సంగతి. నూలు బనీను వద్దు. చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, ఆగినప్పుడల్లా ఆ తడే చంపుతుంది. బడి ఆటల పోటీల్లో ఇచ్చిన పాలిస్టర్ టీషర్టు లోపల, పైన స్వెటర్, అంతే. కొల్లాపూర్ నుంచి నది వైపు దిగుడు. తొక్కే పని లేదు, గాలి మాత్రం కోస్తుంది. దిగేటప్పుడు స్వెటర్ లోపల రొమ్ముకు అడ్డంగా పాత పేపరు పెట్టుకుంటాను. పాలు పోసే ఆయన దగ్గర నేర్చుకున్న ఉపాయం ఇది. రేవుకు పోయాక ఆ పేపర్లోనే చేపలు. చెవులకు స్కార్ఫ్. పొడి సాక్సులు ఇంకో జత కవర్లో చుట్టి పెట్టుకోండి. తడి కాళ్లతో వెనక్కి తొక్కిన మొదటి రోజు వేళ్లున్నాయో లేవో ఇంటికొచ్చి లెక్కపెట్టుకున్నాను.

బీపీ, గుండె ఇబ్బంది ఉంటే మాత్రం తెల్లారకముందు పోకండి. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. మా ఆయన అందుకే ఎండ వచ్చాకే నడుస్తాడు. ఆ సాకుతో ఎనిమిదింటి దాకా పడుకుంటాడు కూడా.

చీకట్లో పోకూడదనడానికి ఇంకో కారణం వడ్లు. నవంబరు, డిసెంబరుల్లో మా దగ్గర సగం రోడ్డు కల్లమే. రాత్రి పూట కుప్పల మీద నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో నల్ల రోడ్డు మీద నల్ల పట్టా ఎవరికి కనపడుతుంది? పోయినేడు ఒక రాయికి గుద్దుకుని వడ్ల కుప్పలో పడ్డాను. మెత్తగానే ఉంది గానీ, వారం రోజులు దురద. రైతును తిట్టబుద్ధి కాదు, ఆరబెట్టుకోను జాగా ఏది? కానీ వడ్లు ఎత్తుకున్నాక రాళ్లు కూడా ఎత్తాలి కదా. వడ్లు పోతాయి, రాళ్లు సంక్రాంతి దాకా రోడ్డు మీదే ఉంటాయి. దానికి తోడు సర్కారు తుమ్మ ముళ్లు. పంక్చర్ వేసే తాత టబ్బు నీళ్లలో ట్యూబు ముంచి, బుడగ వచ్చిన చోట వేలుపెట్టి, ముల్లు తీసి నా చేతిలో పెడతాడు. అగ్గిపెట్టెలో దాస్తున్నాను, పదకొండయ్యాయి.

సైకిల్ ఏది కొనాలని కింద కామెంట్లలో ఎవరో అడిగారు. ఏదో ఒకటి. హైదరాబాద్‌లో మా తమ్ముడు గేర్ల సైకిల్ ముప్పై వేలు పెట్టి కొన్నాడు. దాని మీద ఇప్పుడు తువ్వాళ్లు బాగా ఆరుతున్నాయి. నాది మా అమ్మాయి వదిలేసిన లేడీబర్డు, ముందు బుట్ట ఉంటుంది. ఆ బుట్ట చాలా అవసరం, మామిడి పూత వాసన వేసే జనవరి పొద్దుల్లో స్వెటర్ విప్పి దాంట్లో పడేస్తే హాయిగా ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం మొండిగా ఉండండి. లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలోకి పోవద్దు, ఈత వచ్చినా సరే. మొదటి రోజు నేను లేకుండానే పోయాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. 2007 జనవరిలో సింగోటం జాతరకు వచ్చి తిరిగి పోతున్నవాళ్ల పడవ మంచాలకట్ట దగ్గర కృష్ణలో మునిగింది. 60 మందికి పైగా పోయారు. అప్పుడు నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ఆ వారం మా ఊళ్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

అందుకని నారింజ రంగు జాకెట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. వేసుకుని రేవులో దిగితే సెల్ఫీలకు వచ్చినవాళ్లు నేనేదో టూరిజం వాళ్ల మనిషిననుకుని టికెట్ ఎంత అని అడుగుతారు. అక్క మొదట్లో చాలా నవ్వింది. మొన్నటి ఆదివారం మాత్రం, వలలు తీసి ఒడ్డుకొచ్చాక, తనే అడిగి తొడుక్కుని చూసింది. బకిల్ పట్టలేదు. "దీన్ల ఊపిరాడదు" అని విప్పి ఇచ్చేసింది. వచ్చే నెల జీతం పడగానే పెద్ద సైజుది ఇంకోటి తెప్పిస్తున్నాను.