నాన్నగారికి రెండింటికే తెల్లారిపోతోంది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. నాన్నగారికి 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పులని పోయినేడు చేనూ కొబ్బరితోటా కౌలుకి ఇచ్చేశాం. అప్పట్నుంచీ హాల్లో టీవీ, పడక కుర్చీ, అంతే. మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకుని మూడింటికి లేస్తారు. రాత్రి ఏడున్నరకల్లా మంచం ఎక్కేస్తారు. రెండింటికి లేచి ఇంట్లో లైట్లన్నీ వేసి, టీవీ పెట్టుకుని, నాలుగింటికి చీకట్లోనే వాకింగని రోడ్డెక్కుతారు. నిద్ర పట్టట్లేదు, మాత్ర రాయించమని ఒకటే పోరు. ఇంటిల్లిపాదికీ టెన్షన్‌గా ఉంది. మాత్ర వాడొచ్చా?
– ఓ పాఠకురాలు

జవాబు: మాత్ర సంగతి తర్వాత, ముందు లెక్క చూడమ్మా. ఏడున్నర నుంచి రెండు దాకా ఆరున్నర గంటలు, మధ్యాహ్నం రెండు, వెరసి ఎనిమిదిన్నర. అరవై అయిదు దాటినవాళ్లకి ఏడెనిమిది గంటలు చాలు. అంటే మీ నాన్నగారు నిద్రపోతూనే ఉన్నారు, కాకపోతే ఊరంతా మేలుకుని ఉన్నప్పుడు పోతున్నారు.

వయసు మీదపడేకొద్దీ ఒంట్లో గడియారం కాస్త ముందుకి జరుగుతుంది, అంటే నిద్రా మెలకువా రెండూ పెందరాళే వచ్చేస్తాయి. గడియారం అంటే మాటవరసకి అనడం లేదు, అది లోపల ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకి నోబెల్ ఇచ్చారు. దాన్ని రోజూ సరిచేసేది కంట్లో పడే పగటి వెలుగు. ట్యూబులైటు కింద కూర్చుంటే మహా అయితే రెండు మూడు వందల లక్సులు (వెలుగుని కొలిచే లెక్క) పడుతుంది, మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట అది వేలల్లో ఉంటుంది, మంచి ఎండలో లక్ష దాకా పోతుంది. దానికి తోడు పెద్దవాళ్ల కంట్లో కటకం పసుపెక్కి వచ్చే వెలుగులో కొంత ఆపేస్తుంది కాబట్టి, వాళ్లకి మనకంటే ఎక్కువ వెలుగు కావాలి, దొరికేదేమో తక్కువ. తోటలో తిరిగినన్నాళ్లూ ఆయనకి ఎవరూ చెప్పకుండానే అది అందింది. వెనకటి మండువా లోగిళ్లలో అయితే ఇంటి నడిమధ్యే ఎండా వానా పడేవి. ఇప్పుడు డాబా ఇళ్లలో ఏసీ కోసమని పగలంతా కిటికీలు మూసేసి, దోమలొస్తాయని సాయంత్రం అయిదింటికే తలుపులు కూడా బిగించేస్తున్నాం. మన చెరువులూ కాలవల మధ్య దోమలకి భయపడొద్దని నేను అనలేను గానీ, మీ నాన్నగారికి పనికొచ్చే వెలుగు సరిగ్గా ఆ వేళదే, ముందుకి జరిగిన గడియారాన్ని వెనక్కి లాగేది సాయంత్రం వెలుగే.

అందుకని నాలుగింటి చీకటి నడక మాన్పించండి. ఆ వేళ వెలుగూ లేదు, వెనకనుంచి వచ్చే ట్రాక్టరుకి మనిషీ కనపడడు. నడక సాయంత్రం నాలుగున్నర అయిదింటికి మార్చండి, ఒళ్లు కప్పే చొక్కా వేసి బయల్దేరదీయండి. తోట నీడ ఫరవాలేదు, ఇంట్లోకంటే అక్కడ వెలుగు ఎన్నో రెట్లు. కాటన్ దొర కాలవలు తవ్వించింది సాగుకీ పడవలకీ అయినా, మోకాళ్లు అరిగినవాళ్లకి ఆ గట్లంత చదును దారి ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి? వానాకాలం మాత్రం గట్టు వద్దు, జారితే నేరుగా నీళ్లలోకే, సిమెంటు రోడ్డే నయం. వారానికి 150 నిమిషాలంటారు, అంటే అయిదు రోజులు అరగంట చొప్పున. మొదట్లో పది నిమిషాలు నడిచి లాకుల దగ్గర కూర్చుని వచ్చినా సరే. మడమ దగ్గర పట్టీ ఉన్న చెప్పులు కొనండి, హవాయి చెప్పులు వద్దు. షుగరుంటే జేబులో గ్లూకోజ్ బిళ్లలో, పంచదార పొట్లమో ఉండాలి. రోహిణీ కార్తెలో అయిదున్నర దాటాకే కదలండి.

ఊరికే నడవమంటే ఆయన నడవరు, ఆ తరం మగవాళ్లకి పనిలేని నడకంటే నామోషీ. తోటలో దింపు తీస్తున్నారట, కాయలు లెక్క చూసి రండి నాన్నా అనండి, మోకాళ్లు అవే కదులుతాయి.

మధ్యాహ్నం నిద్ర అరగంటకి దించండి, అదీ మూడు లోపే. మంచం ఎక్కే టైము మూడు నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున తొమ్మిదిన్నర దాకా జరపండి. ఏడింటికి సీరియల్ ముందు కునికితే లేపేయండి, తిడతారు, తిట్టనీయండి. రాత్రి మెలకువొస్తే టీవీ వద్దు. బాత్రూం దారిలో చిన్న లైటొకటి చాలు.

ఇక మాత్ర. పెద్ద వయసులో నిద్రమాత్రలతో తూలి పడటం, తుంటి ఎముక విరగడం, మర్నాడంతా మనిషి మందకొడిగా ఉండటం కొత్తేం కాదు, కాబట్టి సొంతంగా మెడికల్ షాపులో కొని వేయకండి. డాక్టర్ని అడగాల్సినవి వేరే ఉన్నాయి: గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టుంటుందా, రాత్రి ఎన్నిసార్లు ఒంటేలుకి లేస్తున్నారు, నీరు తీసే బీపీ మాత్ర సాయంత్రం వేసుకుంటున్నారా. అమ్మ సంగతి మీరు రాయలేదు. ఒంటరితనం, దిగులు ఉన్నా తెల్లవారుజాముకి ముందే మెలకువ వచ్చేస్తుంది, అదీ డాక్టరుకి చెప్పండి.

ప్రశ్న: నాకు 68. రోజూ అద్దాల కిటికీ పక్కన ఎండలో కూర్చుంటే డి విటమిన్ వస్తుందని మా కోడలంటోంది. నిజమేనా?
– పాలకొల్లు నుంచి

జవాబు: రాదండి. ఆ విటమిన్ తయారుచేసే కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. కంటికి వెలుగు మాత్రం కొంత అందుతుంది, నిద్రకి అంతవరకు మేలే. వేసవి కాని రోజుల్లో పదింటి ప్రాంతంలో ఓ పావుగంట వీధి అరుగు మీదకి రండి, కోడల్ని కూడా పక్కన కూర్చోమనండి, ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలు ఒలుచుకోవచ్చు.