కారు కొన్న డబ్బు సరే, మేపే డబ్బేదీ?

ప్రశ్న: పాలకొల్లులో ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. నా జీతం, మా ఆవిడ కుట్టుపని కలిపి నెలకి 42,000 వస్తుంది, ఖర్చు 31,000. దసరాకి 2016 మోడల్ డీజిల్ కారు 3,70,000 పెట్టి కొన్నాను. ఎఫ్‌డీ తీసి 3,10,000, మిగతా 60,000 స్నేహితుడి దగ్గర రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి తెచ్చాను. బ్యాంకులో ఇంకా 11,000 ఉంది. ఇప్పుడు బండి పొద్దున్నే ఒక పట్టాన స్టార్ట్ కావడం లేదు. గతుకుల్లో కింద టకటకమంటోంది. ఏసీ చల్లగా రావడం లేదు, ఎడమ అద్దం సగంలో ఆగిపోతోంది. షెడ్డులో 46,000 అవుతుందని రాసిచ్చారు, కాగితం జత చేస్తున్నాను. సంక్రాంతికి మలికిపురం అత్తారింటికి కారులో వెళ్లాలి. మా ఆవిడ బంగారం కుదువ పెట్టి అన్నీ ఒకేసారి చేయించనా? లేక ఇది అమ్మేసి లోన్ మీద కొత్తది తీసుకోనా? ఆర్‌సీ, ఇన్సూరెన్స్ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉన్నాయి, పాలసీ జూన్ దాకా ఉంది.

జవాబు: మీ కారుకి పెద్ద జబ్బేమీ ఉన్నట్టు లేదు. ఆ వయసు బండి కొన్న రెండు మూడు నెలల్లో ఇలాంటివి బయటపడటం మామూలే. అమ్మేవాడు కడిగి, పాలిష్ పెట్టి చూపిస్తాడు గానీ బండి కింద అరిగిపోయిన రబ్బరు బుష్‌లు మార్చి చూపించడు కదా. జబ్బు మీ బ్యాంకు ఖాతాకి ఉంది. మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నదీ అందుకే. చేతిలో ఎంత ఉంటే అంతా బండి ధరలోనే పోసి, పైన ఇంకాస్త అప్పు తెచ్చేవాళ్లు నా దగ్గరకి తరచూ వస్తుంటారు.

మీ ఖర్చు నెలకి 31,000. ఆరు నెలలకి 1,86,000. ఆపదకి దాచుకునే నిధి అది, ముట్టుకోకూడనిది. మీ 3,10,000 లోంచి అది తీసేస్తే కారుకి మిగిలేది 1,24,000. ఆ డబ్బుకి కారేం వస్తుందండీ అంటారు. రాదు. నెలకి 11,000 మిగులుతున్న ఇంట్లో ఇంకో రెండేళ్లు ఆగితే ఇదే బండి అప్పు లేకుండా వచ్చేది. మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను: మీ యాజమాన్యం మే నెల జీతం పూర్తిగా ఇస్తుందా? ప్రైవేటు కాలేజీల్లో పనిచేసేవాళ్లకి నేనెందుకు అడుగుతున్నానో తెలుసు. ఏప్రిల్‌లో ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరి, మేలో జీతం సగమే పడితే, ఖాతాలో ఉన్న ఆ 11,000 ఎన్ని రోజులు? అప్పుడు మళ్లీ అదే స్నేహితుడు, మళ్లీ ఇంకో నోటు. రెండు రూపాయలంటే వినడానికి చిన్నదే, ఏడాదికి నూటికి 24.

ఇక షెడ్డు కాగితం. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల సర్వీసు 22,000, ఏసీ కాయిల్, గ్యాస్ 9,000, బుష్‌లు, లింక్ రాడ్లు 6,000, ముందు బ్రేక్ ప్యాడ్లు 4,500, అద్దం మోటారు 2,500, వెనక కెమెరా 2,000. బ్రేకుల మాట మీరు ఉత్తరంలో రాయనే లేదు, ఇందులో అన్నిటికన్నా ముందు చేయించాల్సింది మాత్రం అదే. బ్రేకులు, కింద టకటక కలిపి 10,500. నోటు వడ్డీ 1,200 పోగా మీకు మిగిలే 9,800 మీద 700 ఎక్కువ, అంతే. ఒక్క నెల జీతంతో అయిపోయే పనికి బంగారం బీరువాలోంచి తీయడమెందుకు?

నేను మెకానిక్‌ని కాను, కానీ ఇంజెక్టర్ల దగ్గర నా కలం ఆగింది. అంత పెద్ద పద్దు వేసినాయన బ్యాటరీ, డీజిల్ ఫిల్టరు, పైపుల్లో గాలి దూరడం చూశాడా? కాగితంలో వాటి ఊసే లేదు. చలిలో ఇంజన్‌ని వేడెక్కించే గ్లో ప్లగ్గుల మీద నెపం వేద్దామంటే మన వైపు పుష్యమాసంలో కూడా అంత చలి పెట్టదు. రాత్రంతా నిలిపిన బండిలో డీజిల్ వెనక్కి జారిపోయినా పొద్దున్నే ఇలాగే మొరాయిస్తుంది. ఒక్కో ఇంజెక్టరు నుంచి ఎంత డీజిల్ వెనక్కి పోతోందో కొలిచే పరీక్ష ఉంది. అది వేరే షెడ్డులో చేయించి, నాలుగింటిలో ఏది పాడయిందో మీ కళ్లతో చూశాకే ఆ 22,000 మాట. ఏసీకి శివరాత్రి దాకా తొందర లేదు. చేయించేటప్పుడు లీకు ఎక్కడుందో పట్టుకోకుండా గ్యాస్ మాత్రం నింపించకండి. అద్దం మోటారు ఒక్కటే పోయిందంటే ఫరవాలేదు, సెంట్రల్ లాక్, లైట్లు కూడా వేషాలేస్తుంటే సీట్ల కింద పట్టాల మీద తుప్పు, కార్పెట్ అడుగున ఒండ్రు ఉన్నాయేమో చూడండి. మన ప్రాంతంలో వరదలో మునిగి తేలిన బండ్లు అమ్మకానికి వస్తుంటాయి. అదే అయితే పైన నేను వేసిన లెక్కలన్నీ మారతాయి.

పాలసీ జూన్ దాకా ఉందని ధీమాగా రాశారు. ఎవరి పేరు మీద ఉంది? బండి చేతులు మారిన 14 రోజుల్లో పాలసీలో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టాలి. ఎదుటివాడికి జరిగే నష్టానికి థర్డ్ పార్టీ కవరు దానంతటదే మీకు వర్తిస్తుంది, మీ బండికి జరిగే నష్టానికి మాత్రం వర్తించదు. మలికిపురం దారిలో చించినాడ వంతెన దిగాక కాలువ గట్టు మీంచి కారు నీళ్లలోకి జారిందనుకోండి, 3,70,000 కాలువలో కలిసినట్టే. ఓనర్-డ్రైవర్‌కి ఉండే 15 లక్షల ప్రమాద బీమా కూడా ఆర్‌సీలో, పాలసీలో పేరున్న ఓనరుకే. మీకేమైనా అయితే మీ ఆవిడకి అందులోంచి రూపాయి రాదు. క్లెయిమ్ చేయనందుకు పాత ఓనరుకి ప్రీమియంలో దక్కిన తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, ఆయనతోనే పోతుంది కాబట్టి కంపెనీ ఆ తేడా మిమ్మల్ని కట్టమంటుంది. బ్రేకుల దగ్గర తగ్గిన ఆ 700 కాక, ఖాతాలోని 11,000 లోంచి ఇప్పుడు తీయదగ్గ ఖర్చు ఇదొక్కటే. ఆర్‌సీ మీ పేరుకి మార్పించే ఆర్‌టీఓ పని కూడా ఈ వారమే మొదలుపెట్టండి.

బంగారం సంగతి. రిపేర్ల కోసం వద్దు. ఏడాది కాగానే వడ్డీ మాత్రం కట్టి తిరగరాస్తూ, పిల్ల పెళ్లినాటికి కూడా నగ విడిపించుకోలేనివాళ్లని చూశాను. రెండు రూపాయల నోటు తీర్చడానికైతే లెక్క వేరు: బ్యాంకులోనే, 60,000 మాత్రమే, నెలనెలా అసలు కూడా కట్టే పద్ధతిలో, అదీ మీ ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే. కొత్త కారు, ఏడేళ్ల ఈఎంఐ? ఈ ఆదాయం మీద ఆ మాటే ఎత్తకండి.

ఈ నెల బ్రేకులు, బుష్‌లు. వచ్చే నెల ఫిల్టరు, ఇంజెక్టర్ల పరీక్ష, మిగిలింది నిధికి. ఖాతాలో 31,000 చేరేదాకా ఏసీ కూడా ఆగుతుంది. ఆ తరవాత నోటు తీర్చడం, అది తీరాక ఆ వడ్డీ సొమ్ముతో సహా మొత్తం మిగులు 1,86,000 అయ్యేదాకా నిధికే. ఈ సంక్రాంతికి మలికిపురం వెళ్లడానికి మీ కారుకి బ్రేకులు, మీ పేరు మీద కాగితాలు ఉంటే చాలు. అత్తారింట్లో ఏసీ గురించి అడిగితే జనవరిలో ఏసీ ఏమిటనండి. ఎడమ అద్దం పైకి లేపి ఉంచి, ఆ స్విచ్ జోలికి పోవద్దని పిల్లలకి చెప్పండి.