టెక్ సందేహాలు: సైజు కోసం యాప్ ఒంటి ఫొటో అడుగుతోంది, ఇవ్వొచ్చా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కుర్తీలు కొంటుంటాను. సగం సరిపోవు, రిటర్న్ పెట్టాల్సిందే. ఈ మధ్య ఒక యాప్‌లో కరెక్ట్ సైజు చెప్తామంటే హైటు, వెయిటు, వయసు ఇచ్చాను. ఆ తర్వాత బిగుతు బట్టల్లో ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీసి పెట్టమంది. అక్కడే ఆగిపోయాను. ఇవ్వొచ్చా? – రాజమండ్రి నుంచి ఒక లెక్చరర్

ఆగి మంచి పని చేశారండీ. ఆ యాప్ అడుగుతున్నవి నిజానికి రెండు వేర్వేరు రకాలు, అంకెలు ఒకటి, ఫొటోలు ఒకటి, వాళ్ళేమో వరసగా నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కించేస్తారు కాబట్టి మనకి తేడా తెలీదు. ఛాతీ 36, నడుము 32 అనేవి ఉత్త అంకెలు, అవే కొలతలున్న ఆడవాళ్ళు ఎంతమందో ఉంటారు, ఆ అంకెలు చూసి ఇది మీరేనని ఎవరూ చెప్పలేరు. కానీ వాటి పక్కన పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు చేరితే సంగతి వేరు, డెలివరీ కోసం అవి ఎలాగూ వాళ్ళ దగ్గర ఉంటాయి. ఇక మిగిలింది ఫొటో, అది మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది. అందుకే నేనైతే అంకెలు ఇవ్వండి, ఫొటో ఇవ్వకండి అంటాను.

అసలు ఫొటోతో వాళ్ళు చేసేది ఏంటంటే, ముందు నుంచి తీసినదాంట్లో ఒంటి వెడల్పు, పక్క నుంచి తీసినదాంట్లో మందం చూసి, మీరు ఇచ్చిన హైటుని స్కేలుగా పెట్టుకుని నడుము చుట్టుకొలత ఎంతుంటుందో అంచనా కడతారు. వదులు బట్టలైతే ఒంటి అంచు కనపడదు, అందుకే బిగుతు బట్టలు అడుగుతారు. ఇదంతా కట్టినా వచ్చేది అంచనాయే, ఇంట్లో టేపు పెట్టి కొలిస్తే అంతకంటే బాగానే వస్తుంది. ఈ లెక్క ఫోన్‌లోనే జరిగిపోతే కొంత నయం, చాలాసార్లు మాత్రం ఫొటో కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది, కొన్నిసార్లు ఆ షాపింగ్ కంపెనీ సర్వర్‌కి కూడా కాదు, ఈ సైజు టూల్ తయారుచేసి వాళ్ళకి అద్దెకిచ్చిన ఇంకో కంపెనీ సర్వర్‌కి. ఆ కంపెనీ పేరు కూడా మనకి తెలీదు.

పెద్ద కంపెనీ కదా ఏం కాదులే అనుకునేవాళ్ళకి రెండు సంగతులు చెప్తాను. అమెజాన్ 2020లో హేలో అని చేతికి పెట్టుకునే బ్యాండ్ తెచ్చింది, దాని యాప్ తక్కువ బట్టలతో ఒంటి ఫొటోలు తీయించుకుని కొవ్వు శాతం చెప్పేది. 2023లో మొత్తం మూసేశారు. మూసేముందు కస్టమర్లకి చెప్పి, మిగిలిన డేటా తీసేస్తామన్నారు, అది పద్ధతే. కానీ ఇవాళ పుట్టి ఏడాదికి మూతపడే చిన్న యాప్‌లు అన్నీ అలా చెప్పి వెళ్తాయా? రెండోది మన దేశంలోదే. 2021 చివర్లో ఆదిత్య బిర్లా ఫ్యాషన్ కస్టమర్ల డేటా దొంగలపాలైంది, 54 లక్షల ఈమెయిల్ ఐడీలు, వాటితోపాటు పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు, పుట్టినతేదీలు, ఎవరెవరు ఏమేం ఆర్డర్ పెట్టారన్నదీ, అన్నీ మరుసటి నెల్లో బయటపడ్డాయి. బట్టల షాపు దగ్గర ఎంత ఉంటుందో అంతా పోయే అవకాశం ఉంటుంది, అందులో మన ఒంటి ఫొటో లేకుండా చూసుకోవడం ఒక్కటే మనం చేయగలిగింది.

యాప్ ఇన్‌స్టాల్ చేసేముందు ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో కిందికి వెళ్తే డేటా సేఫ్టీ అని ఉంటుంది, అది నొక్కి ఫొటోలు తీసుకుంటారా, వేరేవాళ్ళకి ఇస్తారా, డిలీట్ చేయమని అడగొచ్చా అన్న మూడు చూడండి. అది కంపెనీ తనంతట తాను రాసుకునేదే కాబట్టి అక్కడ బాగుందని గుడ్డిగా నమ్మొద్దు, అక్కడే బాగోలేకపోతే మాత్రం ఇంక ఆలోచించక్కర్లేదు. గ్యాలరీ పర్మిషన్ అడిగితే మొత్తం ఇవ్వకండి, ఆండ్రాయిడ్ 14 నుంచి ఎంచుకున్న ఫొటోలు మాత్రమే ఇచ్చే ఆప్షన్ ఉంది, ఐఫోన్‌లో అయితే 2020 నుంచే ఉంది.

మరి సైజు ఎలా అంటారా? మీకు ఒంటికి సరిగ్గా కూర్చున్న పాత కుర్తీ ఒకటి తీసి మంచం మీద ముడతలు లేకుండా పరిచి, చంక కింద ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా టేపు పెట్టండి. 19 వచ్చిందనుకోండి, రెట్టింపు చేస్తే 38, అది కుర్తీ ఛాతీ కొలత. నడుము కూడా ఇలాగే, భుజం, పొడవు మాత్రం రెట్టింపు చేయకుండా తీసి ఫోన్‌లో నోట్స్‌లో రాసిపెట్టుకోండి. ఇప్పుడు సైజ్ చార్ట్‌లో ఇచ్చింది ఒంటి కొలతా, బట్ట కొలతా అని చూడాలి, చాలామంది పొరబడేది ఇక్కడే. చార్ట్‌లో బట్ట కొలత ఉంటే 38తో సరిచూడండి, ఒంటి కొలత ఉంటే టేపు ఒంటికి పెట్టి కొలిచిన అంకెతో చూడండి. ఒక బ్రాండ్ ఎల్ ఇంకో బ్రాండ్ ఎం అవ్వడం మీ తప్పు కాదు, మన దేశానికంటూ సొంత సైజు చార్ట్ ఇన్నాళ్ళూ లేకపోవడమే. అందుకే ఫ్యాషన్ కోర్సులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ నిఫ్ట్ వాళ్ళు ఇండియాసైజ్ పేరుతో 15 నుంచి 65 ఏళ్ళ వయసువాళ్ళు 25 వేల మందిని 3డీ స్కానర్లతో కొలిచే సర్వే పెట్టుకున్నారు, అందులో మన హైదరాబాద్ కూడా ఉంది.

ఇప్పటికే ఫొటోలు ఇచ్చేసినవాళ్ళు కంగారుపడకండి. యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్ళి ఫొటో, కొలతలు తీసేసి, ఊరుకోకుండా ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ కూడా పెట్టండి, ఆ ఆఫీసర్ పేరూ కాంటాక్టూ సైట్‌లో చూపించాలని 2020 ఈ-కామర్స్ రూల్స్‌లోనే ఉంది, 48 గంటల్లో మీ మెయిల్ అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం మన డేటా చెరిపేయమని అడిగే హక్కు ఇచ్చింది, డేటాని సరిగ్గా కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది మాత్రం అక్కడి నుంచి 18 నెలలకి. అప్పటిదాకా మన జాగ్రత్త మనదే.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. చెల్లి పెళ్ళికి బ్లౌజులు గుంటూరులో కుట్టిస్తున్నాం. బొటిక్ వాళ్ళు వాట్సాప్‌లో ఫొటోలు పెట్టమంటున్నారు, వీడియో కాల్‌లో కొలతలు చెప్పమంటున్నారు.

వాట్సాప్‌లో మెసేజ్ దారిలో ఎవరూ చదవలేరు, నిజమే, కానీ చేరాక ఏమవుతుందన్నది వేరే సంగతి. బొటిక్ ఫోన్ ఒకరి చేతిలో ఉండదు, కౌంటర్ దగ్గర అమ్మాయి చూస్తుంది, మాస్టర్ చూస్తాడు, షాపు కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచే ఉంటుంది, ఫొటోలేమో ఆటో డౌన్‌లోడ్ అయి గ్యాలరీలోకి, అక్కడి నుంచి గూగుల్ బ్యాకప్‌లోకీ పోవచ్చు. వాళ్ళు మంచివాళ్ళే అయినా మీ ఫొటో అలా ఏళ్ళతరబడి ఉండిపోతుంది. కొన్నాళ్ళకి మెసేజ్‌లు వాటంతటవే పోయే డిసప్పియరింగ్ ఆప్షన్ పెట్టినా గ్యాలరీలోకి దిగిపోయింది పోదు.

అన్నిటికంటే మేలు ఏంటంటే ఎవరైనా ఇండియా వెళ్తుంటే ఆది జాకెట్టు పంపేయడం. కుదరకపోతే ఆ జాకెట్టునే టేబుల్ మీద పరిచి, టేపు పక్కన పెట్టి ఫొటో తీసి పంపండి, ఒంటి మీద వేసుకుని కాదు. చెస్టు, నడుము, భుజం, చంక, చేతి పొడవు, చేతి లూజు, ముందు మెడ, వెనక మెడ, పొడవు, ఇవి టెక్స్ట్‌గా పంపితే మాస్టర్‌కి చాలు. వీడియో కాల్ తప్పదంటే గుంటూరులో అమ్మని షాపులో కూర్చోబెట్టి ఆవిడ ఫోన్‌కే చేయండి. ఫిట్టింగ్ డౌట్ వచ్చి ఒంటి మీద ఫొటో కావాల్సిందే అంటే ముఖం రాకుండా, ఒక్కసారే తెరుచుకునే వ్యూ వన్స్‌లో పంపండి, అది గ్యాలరీలో సేవ్ కాదు, ఫార్వర్డ్ కాదు, అయినా ఇంకో ఫోన్‌తో స్క్రీన్‌ని ఫొటో తీస్తే ఆపేదేమీ లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి 15. బట్టలు వేసుకున్నట్టు చూపించే ఏఐ యాప్‌లో తన ఫొటో పెట్టేసింది. ఎవరైనా మార్ఫింగ్ చేస్తారని భయంగా ఉంది. – నల్గొండ నుంచి ఒక తల్లి

ముందు పాపని తిట్టకండమ్మా, తిడితే రేపు నిజంగా ఏదైనా జరిగినా చెప్పదు. ఇద్దరూ కలిసి కూర్చుని యాప్‌లో ఫొటోలు తీసేసి, తర్వాత అకౌంట్ డిలీట్ చేసి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ చేయండి, ఉత్త అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సర్వర్‌లో ఉన్నది పోదు. ఫొటో పెట్టినంత మాత్రాన మార్ఫింగ్ జరిగిపోయినట్టు కాదు. ఎవరైనా ఫొటో పంపి డబ్బులడిగితే మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు, చాట్ చెరపొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల సెక్షన్‌లో కంప్లైంట్ పెట్టండి, అక్కడ పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. స్టేషన్‌కి వెళ్ళాలంటే మన తెలంగాణలో ఆడవాళ్ళ భద్రత కోసం పోలీసులు పెట్టిన షీ టీమ్స్ ఉన్నాయి, వాటిలో మహిళా సిబ్బంది కూడా ఉంటారు.