రైజెన్ 5600 వేశాక డిస్‌ప్లే రావట్లేదంటే

బీ450 మదర్‌బోర్డులో పాత రైజెన్ 2600 ప్రాసెసర్ తీసి కొత్త 5600 వేశాక ఫ్యాన్లు తిరుగుతూ స్క్రీన్ నల్లగానే ఉందంటే 5600 పాడైందని టెన్షన్ పడకండి, మీ బీ450 బోర్డు 2018 నాటి మోడల్, ప్రాసెసర్ 2022లో వచ్చింది, పాత బయోస్ (సిస్టమ్ ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) దాన్ని గుర్తుపట్టదు.

1. బయోస్ అప్‌డేట్ చేయాలంటే ముందు సిస్టమ్ ఆన్ అవ్వాలి, అందుకే పాత 2600 మళ్లీ పెట్టండి. కూలర్‌ని నేరుగా పైకి లాగొద్దు, మధ్యలో రాసిన థర్మల్ పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. అటూఇటూ మెల్లగా తిప్పి తీయండి.

2. అందరూ వదిలేసేది ఇదే: బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్టు తెరిచి, 5600 పక్కన రాసున్న బయోస్ వెర్షన్ గానీ దానికంటే కొత్తది గానీ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయోస్‌లోంచే అప్‌డేట్ చేయండి. మన వైజాగ్‌లో గాలివాన వస్తే కరెంటు పోతుంది, యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు.

3. తర్వాత కొత్త పేస్టు రాసి 5600 వేయండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి.