ప్రోగ్రామ్‌కి తన ఫైల్ ఎక్కడుందో తెలియాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ప్రోగ్రామ్ దాని ఫోల్డర్‌లోంచి నడిపితే బాగానే నడుస్తోందనీ, వేరే చోటు నుంచి నడిపితే పక్కనే ఉన్న కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్ దొరకడం లేదంటోందనీ రాశావు. నువ్వు వెతుకుతున్నది కరెంట్ డైరెక్టరీలో. కమాండ్ కొట్టినవాడు ఏ ఫోల్డర్‌లో ఉన్నాడో అది చెబుతుంది గానీ, నీ ఫైల్ ఎక్కడుందో దానికేం తెలుసు?

ఆర్గ్‌వి[0], అంటే ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి అందే మాటల్లో మొదటిది, వాడదామనుకుంటున్నావట. వద్దు. అందులో ఏం రాయాలన్నది నీ ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్ ఇష్టం. షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) నీ ప్రోగ్రామ్‌ని ‘పాత్’ అనే ఫోల్డర్ల జాబితాలో వెతికి పట్టుకుంటే అందులో ఉత్త పేరే ఉంటుంది. లాగిన్ షెల్‌కైతే పేరు ముందు ఒక హైఫన్ కూడా తగిలిస్తారు. పచ్చి అబద్ధం రాసినా ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ పట్టించుకోదు.

అడగాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్‌నే. లినక్స్‌లో /ప్రాక్/సెల్ఫ్/ఎగ్జి అనే సింబాలిక్ లింక్ (ఇంకో ఫైల్ ఎక్కడుందో చూపే గుర్తు) ఉంది, రీడ్‌లింక్ అనే ఫంక్షన్‌తో చదివితే నీ ఫైల్ పాత్, అంటే పూర్తి చిరునామా, వస్తుంది. ఈ రీడ్‌లింక్‌తో మాత్రం జాగ్రత్త. చివర నల్ బైట్ (మాట ముగిసిందని చెప్పే సున్నా) పెట్టదు, అది తిరిగిచ్చిన పొడవు చూసి నువ్వే పెట్టుకోవాలి. బఫర్ (జవాబు పట్టేందుకు నువ్విచ్చే మెమరీ) చాలకపోతే కిక్కురుమనకుండా కత్తిరించేస్తుంది. కాబట్టి బఫర్ అంచుదాకా నిండితే అనుమానించు, పెద్దది తీసుకుని మళ్లీ చదువు. ఇంకో తంటా: ప్రోగ్రామ్ నడుస్తుండగా అప్‌డేట్ వచ్చి పాత ఫైల్‌ని తీసేసిందనుకో, పాత్ చివర బ్రాకెట్లలో ‘డిలీటెడ్’ అని చేరుతుంది. అదే పేరుతో కొత్త ఫైల్ ఉన్నా సరే, నడుస్తున్నది పాతదే కదా! అందుకని మొదలవగానే ఒకసారి చదివి దాచుకో. /ప్రాక్‌ని మౌంట్ చేయని (జోడించని) సీహెచ్‌రూట్‌లో, అంటే ప్రోగ్రామ్‌కి ఒక ఫోల్డర్‌నే మొత్తం డిస్క్‌లా చూపించే ఏర్పాటులో, ఈ లింకే ఉండదు, ఆ ఎర్రర్‌నీ చూసుకో.

విండోస్‌లో గెట్‌మాడ్యూల్‌ఫైల్‌నేమ్ అనే ఫంక్షన్‌కి హ్యాండిల్ (ఏ ఫైల్ గురించో చెప్పే గుర్తు) చోట నల్ ఇస్తే చాలు, నీ ప్రోగ్రామ్ పాతే ఇస్తుంది. 260 అక్షరాల బఫర్ ఎప్పుడూ సరిపోతుందనుకోకు. మ్యాక్‌లో _ఎన్‌ఎస్‌గెట్‌ఎగ్జిక్యూటబుల్‌పాత్ ఇచ్చేది సింబాలిక్ లింక్ కావచ్చు, అసలు ఫైల్ ఏదో రియల్‌పాత్ ఫంక్షన్‌తో తేల్చుకో. ఫ్రీబీఎస్‌డీలో కెర్నల్ సమాచారమిచ్చే సిస్‌కంట్రోల్‌ని అడగాలి. గో భాషలో ఓఎస్.ఎగ్జిక్యూటబుల్, రస్ట్‌లో కరెంట్_ఎగ్జి ఈ గొడవలో చాలా భాగం తామే చూసుకుంటాయి. పైథాన్‌లో సిస్.ఎగ్జిక్యూటబుల్ మామూలుగా ఇచ్చేది ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్) పాత్, నీ స్క్రిప్ట్‌ది కాదు.

ఒకవేళ నీది సెట్‌యూఐడీ ప్రోగ్రామ్ (ఎవరు నడిపినా ఫైల్ యజమాని హక్కులతో నడిచేది) అయితే, ఇలా దొరికిన పాత్‌ని నమ్మి పక్కనున్న లైబ్రరీని లోడ్ చేయకు. హార్డ్ లింక్‌లకు (అదే ఫైల్‌కి ఇంకో పేరు పెట్టడానికి) అడ్డులేని సిస్టమ్‌లో ఎవడైనా నీ ఫైల్‌కి తన ఫోల్డర్‌లో లింక్ పెట్టి అక్కడి నుంచి నడిపించగలడు; అప్పుడు పక్కనుండేది వాడు పెట్టిన లైబ్రరీయే. అలాంటి వాటికి ఫోల్డర్ పేరు కంపైల్ చేసేటప్పుడే రాసిపెట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న