ఓట్లు లెక్కపెట్టిన మనిషి గురించి రాస్తున్నావు కదా

చిరంజీవికి ఆశీస్సులు.

నాషువా నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో 1976 డిసెంబరు నుంచి 2022 జనవరి దాకా ఎన్నికలు నడిపిన బిల్ గార్డనర్ గురించి తెలుగులో రాయాలని నీకు తోచడం నాకు నచ్చింది. రాసిన తీరు మాత్రం నచ్చలేదు. నొచ్చుకోకు.

ముందు ఒక పొరపాటు. ఆయన్ను ‘విదేశాంగ మంత్రి’ అన్నావు. వాషింగ్టన్‌లో ఉండే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు మన పత్రికలు పెట్టిన పేరది. ఈయన పదవి పేరూ అదే, కానీ రాష్ట్ర రాజధాని కాంకర్డ్‌లో కూర్చునే ఈయనకు విదేశాలతో పనేమిటి? రాష్ట్ర రికార్డులూ ఎన్నికలూ చూసే అధికారి ఆయన. ‘ప్రాథమిక ఎన్నికలు’ కూడా కొట్టెయ్యి, చదివేవాళ్ళు బడిపిల్లల ఎన్నికలనుకుంటారు. ప్రైమరీ అనే ఉంచి, పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే పోటీ అని ఒక్క వాక్యంలో చెప్పు.

ఇక అసలు సంగతి. నీ వ్యాసంలో ‘నిజాయితీ’ తొమ్మిదిసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. బ్యాలెట్ కాగితం ఒక్కసారీ కనబడలేదు.

నేను బడిపంతులుగా ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను. కాగితం ఓట్ల రోజుల్లో ప్రిసైడింగ్ అధికారి ప్రతి బ్యాలెట్ వెనకా సంతకం పెట్టాలి. ఒకసారి లాంతరు వెలుగులో అర్ధరాత్రి దాకా పెట్టాను. తెల్లారేసరికి వేలు కాయ కట్టింది, సంతకం నాదో కాదో నాకే అనుమానం వచ్చేలా మారిపోయింది. ఇంకోసారి లెక్కింపు బల్ల దగ్గర ఒక ఓటు తేలింది. ముద్ర సగం ఒక గుర్తు మీద, సగం పక్క గుర్తు మీద. అటూ ఇటూ ఏజెంట్ల తలలు ఆ కాగితం మీద ఢీకొన్నాయి. రిటర్నింగ్ అధికారి కళ్ళజోడు తుడుచుకున్నాడు, మళ్ళీ చూశాడు, చెల్లదన్నాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్న ఆ పది సెకన్లే నాకు ఇప్పటికీ గుర్తు.

గార్డనర్ బతుకంతా అలాంటి బల్లల చుట్టూనే గడిచింది. ఆయన శాసనసభ్యుడిగా ఉన్న కాలంలోనే, అమెరికా చట్టసభలోని పైసభ సెనెట్‌కు ఆ రాష్ట్రంలో 1974లో జరిగిన పోటీలో, మొదట ఒకడికి 355 ఓట్ల ఆధిక్యం కనబడింది. మళ్ళీ లెక్కపెడితే అవతలివాడు 10 ఓట్లతో గెలిచాడు. ఇంకోసారి చూస్తే మొదటివాడే 2 ఓట్లతో ముందున్నాడు. చివరికి 1975 సెప్టెంబరులో ఎన్నికే మళ్ళీ పెట్టారు. ఆ మరుసటి ఏడాది ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు ఆ రాష్ట్రపు ఎన్నికల బాధ్యత తీసుకున్నాడు. నీ వ్యాసం ఇక్కడ మొదలుపెట్టు. ‘మాంచెస్టర్‌లో జన్మించారు’ అన్న వాక్యంతో కాదు.

రాష్ట్ర సభా భవనంలోని ఆయన కార్యాలయాన్ని కళ్ళకు కట్టించు. అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని ఎవరు వచ్చినా వెయ్యి డాలర్లు కట్టి సంతకం పెట్టాలి. కాబోయే అధ్యక్షుడికీ అదే రుసుము, తలమీద బూటు పెట్టుకుని తిరిగే వేళాకోళపు అభ్యర్థి వర్మిన్ సుప్రీమ్‌కూ అదే రుసుము. నువ్వు దీన్ని ‘ప్రజాస్వామ్య స్ఫూర్తి’ అన్నావు. ఆ బూటు గురించి చెప్పి ఊరుకుంటే చాలదా?

తేదీల పోరు నీకు బాగా వచ్చింది. దేశంలో మొదటి ప్రైమరీ తమదే కావాలని 1975లో చట్టం చేసుకున్న రాష్ట్రం కదా. 2011లో నెవాడా రాష్ట్రం తన పోటీ తేదీని ముందుకు జరపబోతే, అవసరమైతే మన ప్రైమరీ డిసెంబరులోనే పెట్టేస్తానని గార్డనర్ బెదిరించి దాన్ని వెనక్కి జరిపించాడు. పేకాటలో ముక్క దాచినట్టు తేదీని దాచిన మనిషి. ఆ భాగం ముట్టుకోకు.

2017ను మాత్రం రెండు ముక్కల్లో దాటేశావు, అది నాకు కష్టంగా ఉంది. డెమొక్రాట్ అయ్యుండి ఎన్నికల్లో మోసాలు జరిగాయేమో చూడమని ట్రంప్ వేసిన కమిషన్‌లో చేరాడు. సొంత పార్టీవాళ్ళు మండిపడ్డారు. అదే కమిషన్ ఆయన రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో కూర్చున్నప్పుడు, తన రాష్ట్రపు 2016 ఫలితాన్ని శంకించిన తోటి సభ్యుడి ముందే ఆ ఫలితం నిజమైనదేనని చెప్పాడు. ఈ రెండూ ఒకే మనిషి చేసినవి. నీకు ఇబ్బందిగా ఉన్న చోటే ఆగాలి నాయనా, అక్కడ పరుగెత్తితే ఎలా?

ఆ మరుసటి ఏడాది సంగతి నీ వ్యాసంలో అసలు లేనేలేదు! అక్కడ ఆ పదవికి రెండేళ్ళకోసారి శాసనసభ్యులే ఓటేస్తారు. 2018లో మొదటి విడతలో ఎవరికీ సరిపడా ఓట్లు రాలేదు. రెండో విడతలో ఆయన 209–205తో బయటపడ్డాడు. నలభై రెండేళ్ళు ఇతరుల ఓట్లు లెక్కపెట్టినవాడు, తన ఓట్లు ఎవరో లెక్కపెడుతుంటే ఎదురుచూశాడు. దాన్ని వదిలేశావంటే నిద్రమత్తులో రాసి ఉంటావు.

తిరగరాసి పంపు. నాకు వచ్చే నెల శుక్లాల ఆపరేషను, కాబట్టి అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు.

నీ మాస్టారు