ఎన్‌లార్జర్ బల్బు ఎక్కువ రోజులు రావాలంటే ముందు రాత్రి వోల్టేజీ చూడండి

మాటిమాటికీ ఆన్, ఆఫ్ చేయడం వల్లే ఎన్‌లార్జర్ (నెగెటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి ఫొటో పేపరు మీద వేసే యంత్రం) బల్బు పోతోందా, వెలిగించే ఉంచి లెన్సు కింద అట్ట అడ్డం పెట్టుకోవాలా అని కడప నుంచి మీరు అడిగారు. అలా చేయొద్దు. బల్బు గంటలు ఊరికే ఖర్చవుతాయి, పైగా వేడికి నెగెటివ్ ఉబ్బి ఫోకస్ పోతుంది.

స్విచ్ వేసిన క్షణంలోనే బల్బు టప్పుమంటుంది కాబట్టి అందరం స్విచ్‌నే అనుమానిస్తాం. చల్లటి ఫిలమెంట్ (బల్బులో వెలిగే టంగ్‌స్టన్ తీగ) రెసిస్టెన్స్ వెలుగుతున్నప్పటితో పోలిస్తే పదో వంతు కూడా ఉండదు, వేయగానే కరెంటు ఎక్కువ లాగుతుంది, అదీ నిజమే. కానీ మంచి ఫిలమెంట్ దాన్ని తట్టుకుంటుంది. టంగ్‌స్టన్ ఆవిరై అప్పటికే ఒకచోట సన్నబడిందే తెగుతుంది. అంత త్వరగా సన్నబడటానికి మన దగ్గర అసలు కారణం వోల్టేజీ.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి స్టూడియోలో నేను బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేసే రోజుల్లో డార్క్‌రూమ్ పనంతా రాత్రి భోజనాలయ్యాకే. ఎండాకాలం పగలు ఆ గదిలో మనిషే ఉండలేడు, ఇక ప్రింటు కడిగే డెవలపర్ మందు సంగతి చెప్పక్కర్లేదు. సాయంత్రం ట్యూబులైటు కూడా అంటుకోని కరెంటు, ఊరు పడుకున్నాక అమాంతం పెరిగేది. మీటరు పెడితే 250 చూపించిన రాత్రులున్నాయి. 230 వోల్టుల బల్బుకు 250 ఇస్తే ఆయుష్షు సుమారు మూడో వంతుకు పడిపోతుంది. అదే 5 శాతం తగ్గించి 218 దగ్గర నడిపితే దాదాపు రెట్టింపు వస్తుంది. వెలుగు ఆరో వంతు తగ్గుతుంది, 10 సెకన్ల ఎక్స్‌పోజర్ 12 అవుతుంది, అంతే. కడపలో మీ వీధి పరిస్థితీ ఇలాగే ఉంటుందనుకుంటా, మీరు పని చేసే వేళకే కొలవండి.

మేం డిమ్మర్‌స్టాట్ (నాబ్ తిప్పి వోల్టేజీ పెంచుకునే, తగ్గించుకునే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టుకున్నాం. పని మొదలుపెట్టే ముందు బల్బు వెలిగించి, మీటరు చూస్తూ నాబ్ తిప్పి 218కి తెచ్చేవాళ్లం, మధ్యమధ్యలో మళ్లీ ఓ చూపు. టీవీకి పెట్టే రిలే స్టెబిలైజర్ మాత్రం వద్దు. ప్రింటు మధ్యలో అది టక్కుమని స్టెప్ మారిందంటే వెలుగూ మారుతుంది, ఆ పేపరు చెత్తబుట్టకే. కొందరు ఎలక్ట్రీషియన్లు సిరీస్‌లో డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) వేయమంటారు. బల్బు చాలా కాలం వస్తుంది కానీ వెలుగు మూడో వంతు కూడా మిగలదు, నా దృష్టిలో దండగ.

ఆయుష్షు పెరుగుతుంది కదా అని వోల్టేజీ మరీ దించకండి. వెలుగు పసుపెక్కి, మల్టీగ్రేడ్ పేపరు (వెలుగు రంగును బట్టి కాంట్రాస్ట్ మారేది) మీద కాంట్రాస్ట్ పడిపోతుంది. కాంట్రాస్ట్ మారని గ్రేడెడ్ పేపరుకైతే టైము పెంచుకుంటే చాలు. మీది హాలోజన్ ఎన్‌లార్జర్ అయితే ఈ చిట్కా అస్సలు వాడొద్దు, బాగా దించితే గాజు లోపల నల్లబడుతుంది. దాన్ని ఉత్త చేత్తో పట్టుకోకూడదు కూడా.

ఇంకోటి, ప్లగ్ తీసేసి హోల్డర్ లోపలికి టార్చి వేసి చూడండి. మధ్యలో ఉండే ఇత్తడి రేకు నల్లగా మాడి, అణిగిపోయి ఉంటే కాంటాక్టు సరిగ్గా అందదు, అక్కడ నిప్పురవ్వలు లేస్తూ బల్బునీ హోల్డర్నీ తినేస్తాయి. ఎమరీ పేపరుతో రుద్ది, రేకును కొంచెం పైకి లేపండి. వెలుతురు బయటికొస్తోందని లాంప్‌హౌస్ (బల్బు ఉండే డబ్బా) గాలి రంధ్రాల మీద నల్లగుడ్డ కప్పి ఉంటే తీసేయండి. బల్బు వేడిగా ఉండగా ఎన్‌లార్జర్ పైభాగాన్ని (హెడ్‌ను) దబ్బున దించొద్దు.

కొత్త బల్బు కొనేటప్పుడు పాలరంగు ఓపల్‌దే అడగండి. మామూలు బల్బు నెత్తిన అచ్చేసిన కంపెనీ పేరు కండెన్సర్ (బల్బు వెలుగును నెగెటివ్ మీదికి చేర్చే లెన్సు) గుండా నీడగా దిగొచ్చు. మన షాపుల్లో దొరికేది ఎక్కువగా పిన్ను బల్బు, ఎన్‌లార్జర్లలో చాలావాటికి మరతో తిప్పే హోల్డరు. అడాప్టర్ తగిలిస్తే బల్బు కిందికి దిగి ప్రింటు మూలలు తెల్లబోతాయి. అప్పుడు లాంప్‌హౌస్ పైనున్న కడ్డీ స్క్రూ వదులు చేసి, నెగెటివ్ లేకుండా బేస్‌బోర్డు మీద వెలుగు నాలుగు మూలలా సమంగా పడేదాకా బల్బును పైకి లాగి బిగించండి.